నిదానం టీచరూ మూగ మెట్టూ

ఆ బడిలో ఉదయం ప్రార్థన మొదలయ్యే ముందు హాలులో వినిపించే చివరి శబ్దం పియానో మూత తెరుచుకోవడం. మూతకున్న ఒక బందు వదులైంది. అది కిర్రుమనగానే, అంతవరకు ఒకరి జడ ఒకరు లాగుతున్న చిన్న తరగతుల పిల్లలూ, ఇంటికిచ్చిన లెక్కలు చూసి రాసుకుంటున్న పెద్ద తరగతుల పిల్లలూ నిటారుగా నిలబడేవారు. ఉపాధ్యాయినులు కూడా నిలబడేవారు. ఆ బందుకు నూనె వేయించాలన్న ప్రతిపాదన ఒకసారి వచ్చింది కానీ, అలా చేస్తే హాలును నిశ్శబ్దం చేయడానికి మనిషిని పెట్టాల్సి వస్తుందని దాన్ని విరమించుకున్నారు.

మూత తెరిచేది నిదానం టీచర్. ఆ పేరు పిల్లలు పెట్టింది. ఆమెకు తెలుసు, అభ్యంతరం చెప్పలేదు. వరండాలో పరుగెత్తే పిల్లలతో ఆమె అనే మాట అదొక్కటే. మంటలు అంటుకుంటే బయటికి ఎలా వెళ్లాలో నేర్పించిన రోజున కూడా ఆమె తన తరగతితో అదే అన్నది. ఆ రోజు మైదానంలోకి అందరికన్నా చివర వచ్చింది ఆమె తరగతే. అయితే ఎవరూ తప్పిపోలేదని, అందరి బూట్లకూ తాళ్లు కట్టే ఉన్నాయని చూసినవాళ్లు చెప్పారు. రెండు విషయాలూ నిజమే కనుక రెండూ రాస్తున్నాను.

అది చర్చి పెద్దలు స్థాపించిన ఆడపిల్లల బడి. ప్రభుత్వ సాయం తీసుకోదు. హాస్టలు లేదు. సాయంత్రం గంట కొట్టగానే ప్రతి పిల్లా తన ఇంటికి పోవలసిందే. చర్చికీ బడికీ మధ్య ఒకే గోడ, ఆ గోడకు ఒక తలుపు. ఆ తలుపు తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న విషయంలో పాస్టర్‌గారికీ, ఎవరు ప్రిన్సిపాల్‌గా ఉంటే వారికీ మధ్య ఎప్పుడూ ఒక మర్యాదగల అభిప్రాయభేదం ఉంటూ వచ్చింది. పిల్లలు అన్ని మతాలవాళ్లూ ఉండేవారు. ఉదయం పాట మాత్రం అందరూ పాడేవారు. అది బడి పాట, బడి పెట్టిన కొత్తలో ఎవరో కట్టిన పాట. ప్రతి చరణంలో మూడో పాదం ఒకటే: మా చేతి పనులు, ప్రభూ, నీ ముందుంచెదము.

ఆ పాదంలో 'ప్రభూ' అన్న మాట దగ్గర బడి అంతా ఆగేది. పియానో ఆగేది, గొంతులు ఆగేవి, తలలు వంగేవి. కాసేపటికి తలలు లేచేవి. 'నీ ముందుంచెదము' అంటూ పాట మళ్లీ అందుకునేది.

ఈ మౌనానికి కారణం ఏమిటన్న దానిపై మూడు వాదనలు ప్రచారంలో ఉండేవి. స్థాపకుల్లో ఒకరి చెల్లెలు సరిగ్గా ఆ మాట పాడుతూ కుప్పకూలిపోయిందని, ఆమె స్మృతిగా ఆగుతారని ఒకటి. దేవుణ్ణి సంబోధించే మాట కనుక భక్తితో మనసులోనే అనుకోవాలన్నది రెండోది. పాటలో ఆ మాటకు మాత్రమే నొక్కాల్సిన మెట్టు పియానోలో పలకదన్నది మూడోది. మొదటిదానికి ఎటువంటి ఆధారమూ లేదు, అందువల్ల అందరూ దాన్నే నమ్మేవారు. మూడోదాన్ని ఎవరైనా వచ్చి ఆ మెట్టు నొక్కి తేల్చుకోవచ్చు. కానీ బడి పియానో మీద వేలు పెట్టే అధికారం నిదానం టీచర్‌కు తప్ప ఎవరికీ లేదు. ఆమె ఆ మెట్టు నొక్కదు, ఎందుకంటే నొక్కవద్దని ఆమెకు నేర్పారు.

నేర్పింది ఆమెకన్నా ముందున్న సంగీతం టీచర్. నిదానం టీచర్ కూడా ఈ బడిలోనే చదువుకుంది. తండ్రి సిటీ బస్సు డ్రైవరు. సాయంత్రం ఆయన బస్సు బడి గేటు ముందుకు ఆలస్యంగా వచ్చేది. మిగతా పిల్లలంతా ఇళ్లకు వెళ్లిపోయాక ఆమె, ఆమె చెల్లెలు మెట్ల మీద కూర్చునేవారు. చెల్లెలు గేటు దాకా పోయి వచ్చేది, మళ్లీ పోయేది. అక్క హాలులో పియానో పక్కన నిలబడి, పాత టీచర్‌కు పుటలు తిప్పేది. కొన్నాళ్లకు పాత టీచర్, ఊరికే నిలబడడం ఎందుకని పిల్లను పియానో ముందు బల్ల మీద కూర్చోబెట్టింది. ఆ బస్సు వేళకు వచ్చి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

పాత టీచర్ కఠినురాలు. మూగ మెట్టు దగ్గరకు రాగానే రెండు చేతులూ పైకెత్తేయాలని, ఎడమచేతి స్వరాలు ఒక్కటే మోగితే కాలు విరిగినవాడు నడిచినట్టుంటుందని ఆమె అభిప్రాయం. పిల్లలు పియానో స్వరాన్ని పట్టుకుని పాడతారు కనుక, పియానో ఆగిన చోట వాళ్లూ ఆగారు. ఒక ఏడాది పొరుగు ఊరి నుంచి వచ్చిన చర్చి పెద్ద ఒకాయన వేదిక ఎక్కి, ఇంత లోతైన మౌనం తాను ఏ బడిలోనూ వినలేదని మెచ్చుకున్నాడు. మరుసటి వారం నుంచి ఆ చోట తల వంచాలన్న నియమం వచ్చింది. ఆ విధంగా చెడిపోయిన ఒక మెట్టు ఆ బడిలో భక్తి అయింది.

పాత టీచర్ వేళ్లు బిగుసుకుపోయాక శిష్యురాలు ఆ స్థానంలోకి వచ్చింది. సంగీతంలో చిన్న చిన్న పరీక్షలు పాసయింది. డిగ్రీ లేదు. పెళ్లి విషయంలో రెండు సంబంధాలు వచ్చాయి. ఒకరిని ఆమె వద్దన్నది, ఒకరు ఆమెను వద్దన్నారు. అక్కడికి చెల్లు అని చెల్లెలు అంటుంది. ఆ చెల్లెలు కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు.

పియానో గోడవైపు తిరిగి ఉండేది. హాలులో వాన కారని మూల అదొక్కటే. వాయించేవాళ్లకు పిల్లలు వీపు వెనక ఉంటారు. అందుకని చెల్లెలు తన దుకాణంలో, కళ్లజోడు పెట్టుకుని చూసుకునే అద్దం ఒకటి అంచు పగిలితే, దాన్ని తెచ్చి ఇచ్చింది. నిదానం టీచర్ దాన్ని పియానో పైన ఆనించి పెట్టింది. అందులో ముందు వరుసల పిల్లలూ, వాళ్ల వెనక పెద్ద తరగతుల పిల్లల తలలూ కనిపించేవి. వంగిన తలలు లేచేదాకా చూసి తరువాతి స్వరం వాయించేది. ఇందులో విశేషం ఉందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇంకెవరూ కూడా అనుకోలేదు.

ఇలా ఉండగా కొత్త ప్రిన్సిపాల్ వచ్చింది. ఆమెను గురించి న్యాయంగా చెప్పాలి. ఏళ్లుగా కారుతున్న కుళాయిలు ఆమె వచ్చిన నెలలోనే ఆగాయి. ప్రయోగశాలలో దీపాలు వెలిగాయి. ఆలస్యంగా వచ్చిన పిల్లలను ఎండలో నిలబెట్టే అలవాటు పోయింది. అక్కర్లేని ఉద్యోగాలు ఏవో చూసి చెప్పమని బడి కమిటీ ఆమెను అడిగినప్పుడు ఆమె ప్రతి ఒక్కరి పనినీ ఒకే కొలబద్దతో కొలిచింది, తన కార్యాలయంతో సహా. కొలిచి చూస్తే, సంగీతం టీచర్ లేకపోతే ఆగిపోయేది ఉదయం పాట ఒక్కటే అని తేలింది.

ఆమె నిదానం టీచర్‌ను గదికి పిలిపించింది.

"కూర్చోండి టీచర్."

"పర్వాలేదు మేడమ్."

"మీరు కూర్చుంటేనే నేను చెప్పగలను."

నిదానం టీచర్ కూర్చుంది.

"ఉదయం పాటని రికార్డు చేసి స్పీకర్లలో వేద్దామనుకుంటున్నాను. కమిటీవాళ్లు వచ్చిన రోజు అదే వేస్తాం. అది బాగుంటే వచ్చే ఏడాది నుంచి మీ పోస్టు ఉండదు. ఎవరో చెప్పగా మీకు తెలియడం నాకిష్టం లేదు, అందుకే నేనే చెబుతున్నా."

"రికార్డుకి ఎవరు వాయిస్తారు మేడమ్?"

ప్రిన్సిపాల్ ఒక క్షణం తన కలం మూతను చూసింది. "మీరైతేనే బాగుంటుంది. ఈ పాట ఇంకెవరికీ రాదు."

"సరే మేడమ్."

"మీకేం అనిపించట్లేదా?"

"అనిపిస్తుంది మేడమ్. నాకు కొంచెం నిదానంగా అనిపిస్తుంది."

రికార్డు చేయాలంటే పియానో బాగుండాలి కనుక మరమ్మతు చేసే ఆయనను పిలిపించారు. ఆయన ముందు పలక విప్పి లోపలికి టార్చి వేసి చాలాసేపు చూశాడు. ప్రిన్సిపాల్, పాస్టర్‌గారు, నిదానం టీచర్ ఆయన వెనక నిలబడ్డారు.

"ఏముందండీ లోపల?" అన్నారు పాస్టర్‌గారు.

"ఏముందని కాదండి అయ్యగారూ, ఏం లేదని అడగాలి. లోపల ప్రతి మెట్టుకీ ఒక చిన్న సుత్తి ఉంటుంది. అది లేచి తీగని కొడితేనే పలుకుద్ది. ఈ మెట్టుకి సుత్తి విరిగి అడుక్కి పడిపోయింది. దాని మీదుండే మెత్తటి గుడ్డని ఎలుక కొరుక్కుపోయింది."

"ఎప్పుడు జరిగి ఉంటుంది?"

"ఆ ఎలుకనే అడగాలి. అది ఇప్పుడుండదు."

మూడు వాదనలలో రెండు ఆ టార్చి వెలుగులో వీగిపోయాయి. పాస్టర్‌గారు మాత్రం వేరే ఆలోచనలో పడ్డారు. ఆయన ఈ చర్చికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. మౌనం గురించి ఆయన అడిగితే భక్తి అని బడివాళ్లు చెప్పారు, ఆయన సంతోషించారు.

"అంటే, ఇన్నేళ్లూ పిల్లలెవరూ 'ప్రభూ' అని అననే లేదా?"

"అనలేదండి" అన్నది నిదానం టీచర్.

"మిగతా పాటంతా పాడి, ఆ ఒక్క మాటే వదిలేశారా? మరి ఇన్నేళ్ల ప్రార్థన ఎవరికి చెప్పుకున్నట్టు?"

మరమ్మతు ఆయన స్క్రూడ్రైవరు వెతుక్కుంటూ, "ఉత్తరం పైన పేరు రాయకపోయినా పోస్టుమాన్‌కి ఇల్లు తెలిసే ఉంటుంది లెండి" అన్నాడు.

పాస్టర్‌గారికి ఇది తృప్తి కలిగించలేదు. ఇకమీదట ఆ మాట పైకి పాడించాలని ఆయన కోరారు. రికార్డులో ఆ స్వరం ఉంటుంది కనుక పాడించడమే సబబని ప్రిన్సిపాల్ అన్నది. ఆ పని ఎవరు చేయాలన్న ప్రశ్న రాలేదు. ఇద్దరూ నిదానం టీచర్ వైపు చూశారు, మరమ్మతు ఆయన కూడా.

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో ఈ సంగతి చెప్పింది. చెల్లెలు ఇస్త్రీ చేస్తోంది.

"ఆగక్కా. నీ బదులు మిషను పెడతారు. ఆ మిషనుకి నువ్వే వాయించి పెట్టాలి. ఆ మిషనుతో పాడడం పిల్లలకి నువ్వే నేర్పాలి. అంతేనా?"

"అంతే."

"తన గొయ్యి తనే తవ్వుకున్నవాళ్లని చూశాను గానీ, తవ్వి, అంచులు చెక్కి, మట్టి కూడా ఊడ్చిపెట్టేదాన్ని నిన్నే చూస్తున్నా."

"చెప్పిన పని చేయొద్దంటావా?"

"చేయి. కొంచెం తప్పుగా చేయి."

"రికార్డులో తప్పుంటే పిల్లలు రోజూ ఆ తప్పే వింటారు."

"ఎలుక చేసిన తప్పు ఇన్నేళ్లూ విన్నారుగా. చచ్చారా?"

"అది నేను చేసింది కాదు."

చెల్లెలు ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది. "మరి ఉద్యోగం పోతే పొద్దున్నే లేచి ఏం చేస్తావు?"

నిదానం టీచర్ ఆలోచించింది. తండ్రి బస్సు కోసం ఎదురుచూసిన రోజుల నుంచి ఆమె ఆ హాలులోకి వెళ్లని పనిరోజు దాదాపు లేదు. జ్వరం వచ్చినప్పుడు కూడా వెళ్లి, పాట అయ్యాక వచ్చి పడుకునేది. ఇంట్లో పియానో లేదు, పెట్టే చోటూ లేదు. బడి పిల్లలు తప్ప ఆమెతో పాడేవాళ్లు లేరు.

"తెలీదే" అన్నది.

చెల్లెలు ఇక వేళాకోళం చేయలేదు. ఆ రోజుకు ఇస్త్రీ కూడా చాలించింది.

రికార్డు ఖాళీ హాలులో జరిగింది. కంప్యూటరు నేర్పే అమ్మాయి యంత్రం పట్టుకుని పక్కన నిలబడింది. నిదానం టీచర్ అలవాటుగా అద్దంలోకి చూసింది. ఖాళీ నేల కనిపించింది. ఆపై చూడలేదు. నాలుగు చరణాలూ ఒకే నడకలో వాయించింది. కొత్త సుత్తి పడ్డ మెట్టు మిగతావాటికన్నా కొంచెం గట్టిగా పలికింది.

"ఎలా వచ్చిందమ్మా?"

"గడియారంలా వచ్చింది టీచర్" అన్నది ఆ అమ్మాయి, మెచ్చుకోలుగానే.

మరునాడు హాలుకు రంగులు వేయడం మొదలుపెట్టారు. కమిటీ వచ్చేలోగా గోడలు మెరవాలి. నిదానం టీచర్ అద్దం తీసి, గుడ్డలో చుట్టి, చేతిసంచిలో పెట్టుకుంది. హాలు మూసి ఉన్నన్ని రోజులూ ఆమె తరగతి తరగతికీ తిరిగి, బెంచీల మీద కూర్చున్న పిల్లలకు ఆ ఒక్క మాట నేర్పింది.

"ఇక్కడ ఏం రాసుంది?"

"ప్రభూ టీచర్."

"పాడండి."

ఎవరూ పాడలేదు.

"చూసి కూడా ఎందుకు పాడరు?"

ముందు బెంచీ పిల్ల లేచింది. "అది పైకి అనే మాట కాదు టీచర్. తల వంచి లోపల అనుకోవాలంట. మా అమ్మ చెప్పింది."

"ఇప్పటినుంచి పైకి అనాలి."

"మా అమ్మకి మీరే నేర్పారంట కదా టీచర్."

"నేనే నేర్పాను."

"మరి అప్పుడు తప్పు నేర్పారా, ఇప్పుడు తప్పు నేర్పుతున్నారా?"

తరగతి మొత్తం ఆసక్తిగా చూసింది. నిదానం టీచర్ ఆ ప్రశ్నను సబబైన ప్రశ్నగానే తీసుకుంది. "అప్పుడు పియానో పాడైంది. ఇప్పుడు బాగైంది."

"మరి మేము?"

"మీరు కూడా బాగవుతారు. మళ్లీ మొదటి నుంచి."

ఇంకొక తరగతిలో ఒక పిల్ల, స్పీకరు వస్తే టీచర్ ఏం చేస్తారని అడిగింది. "కూర్చుంటాను" అన్నది ఆమె. అక్కడితో అయిపోయిందనుకుంటే, ఆ పిల్ల "ఎక్కడ?" అని అడిగింది.

అయినా పిల్లలు నేర్చుకున్నారు. ఏ తరగతికి ఆ తరగతి, బెంచీల మీద కూర్చుని, ఆ మాటను గట్టిగా, ముచ్చటగా పాడారు. ప్రిన్సిపాల్ వరండాలో నిలబడి విని తల ఊపింది. పాస్టర్‌గారు ఒక తరగతి బయట కళ్లు మూసుకుని నిలబడటం కొందరు చూశారు. నిదానం టీచర్ తన ఉద్యోగం పోయే పనిని ఏ లోపమూ లేకుండా పూర్తిచేసిందని అందరూ ఒప్పుకున్నారు. ఒక్క విషయం ఎవరికీ తట్టలేదు. పిల్లలందరినీ ఒకచోట నిలబెట్టి ఎవరూ పాడించలేదు. హాలు గోడలు ఇంకా తడిగానే ఉన్నాయి.

కమిటీ వచ్చిన ఉదయం గోడలు మెరిశాయి. పియానో మూత మీద ఒక గుడ్డ పరిచి, పూలకుండీ పెట్టారు. దాని పక్కన గోడకు చేర్చి ఒక కుర్చీ వేశారు. నిదానం టీచర్ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని అందులో కూర్చుంది. ఎక్కడ కూర్చుంటుందన్న ప్రశ్నకు అలా జవాబు దొరికింది. కమిటీ అధ్యక్షురాలు ఈ బడిలోనే చదివిన పెద్దావిడ, చాలాకాలం న్యాయవాదిగా పనిచేసి మానుకున్నది. మాట తక్కువ మనిషి. ఆ కమిటీలో సభ్యుణ్ణిగా నేనూ ముందు వరుసలో ఉన్నాను కనుక ఇక్కడి నుంచి చెప్పేది విన్న మాట కాదు.

మొదటి చిక్కు మొదట్లోనే వచ్చింది. మూత కిర్రుమనలేదు. పిల్లలు జడలు లాక్కుంటూ, గుసగుసలాడుతూ ఉండగానే స్పీకర్లలోంచి పాట వచ్చేసింది. మొదటి పాదం స్పీకర్లు ఒక్కటే పాడాయనవచ్చు. రెండో పాదానికి పిల్లలు అందుకున్నారు. మూడో పాదం వచ్చింది. 'మా చేతి పనులు' అన్నారు.

పెద్ద తరగతుల తలలు వంగాయి. బెంచీల మీద కూర్చుని నేర్చిన మాట, హాలులో నిలబడ్డ కాళ్లకు గుర్తు రాలేదు. ముందు వరుసలో చిన్నపిల్లలు కొందరు 'ప్ర' దాకా వెళ్లి, వెనక నిశ్శబ్దం విని, తప్పు చేశామనుకుని, నోరు మూసేసుకున్నారు. ఉపాధ్యాయినుల తలలు కూడా వంగాయి, వారిలో సగం మంది ఇక్కడ చదివినవాళ్లే కనుక. నా పక్కన అధ్యక్షురాలి తల వంగింది.

స్పీకర్లు ఆగలేదు. వాటిని ఆగమని ఎవరూ చెప్పలేదు.

తలలు లేచేసరికి రికార్డు రెండో చరణంలోకి నడిచిపోయింది. కొందరు పరుగున వెళ్లి దాన్ని కలుసుకున్నారు. కొందరు పద్ధతి ప్రకారం 'నీ ముందుంచెదము' నుంచే మొదలుపెట్టారు. రెండో చరణంలో మళ్లీ తలలు వంగాయి, కానీ అందరివీ ఒకేసారి కాదు. మూడో చరణం నాటికి హాలులో మూడు పాటలు నడుస్తున్నాయి. వాటిలో ఏది ముందున్నదో నేను నిర్ణయించలేకపోయాను. రికార్డు తన నాలుగు చరణాలూ ముగించి, చివరి స్వరాలు గంభీరంగా మోగించి ఆగిపోయింది. స్పీకర్లు కాసేపు బుసకొట్టి ఊరుకున్నాయి. బడి ఇంకా పాడుతూనే ఉంది. పాటను మధ్యలో ఆపడం ఆ బడిలో ఎవరికీ నేర్పలేదు. ఆసరా లేని గొంతులు మెల్లగా కిందికి జారసాగాయి. పాస్టర్‌గారు పైకప్పు వైపు చూస్తున్నారు.

నిదానం టీచర్ కుర్చీలోనే ఉంది. సంచి మీద ఆమె వేళ్లు కదులుతున్నాయి. లేవడం ఆమెకు చెప్పిన పని కాదు.

లేచింది ప్రిన్సిపాల్. నేరుగా పియానో దగ్గరకు నడిచి, పూలకుండీని తన చేతులతో ఎత్తి కింద పెట్టింది. "టీచర్" అన్నది, అంతే.

నిదానం టీచర్ వచ్చి మూత తెరిచింది. అది కిర్రుమన్నది. హాలంతా పాట ఆపి నిటారుగా నిలబడింది.

ఆ నిశ్శబ్దంలో ఆమె సంచి విప్పి, గుడ్డ విప్పి, అద్దం తీసి, తుడిచి, పియానో మీద ఆనించింది. ఒక పక్కకు జరిపింది. మళ్లీ కొంచెం ఇటు జరిపింది. కమిటీ సభ్యుల్లో ఒకాయన గడియారం చూసుకున్నాడు. అప్పుడు ఆమె మొదటి నుంచి మొదలుపెట్టింది.

మూడో పాదం దగ్గర ఆమె చేతులు పైకి లేవలేదు. స్వరం వాయించాలని ప్రిన్సిపాలూ పాస్టర్‌గారూ చెప్పి ఉన్నారు కనుక వాయించింది. పిల్లలు తలలు వంచి మౌనంగా నిలబడ్డారు. ఆ మౌనంలో, ఇన్నేళ్లూ పలకని మెట్టు ఒక్కటే పలికింది. అది నిలిచినంతసేపూ నిలిచి, సన్నగిల్లి, వినిపించకుండా పోయింది. ఆమె అద్దంలోకి చూస్తూ ఆగింది. చిన్నపిల్లల తలలు లేచాయి. పెద్దపిల్లల తలలు లేచాయి. ఆమె ఇంకా ఆగింది. ఎందుకో నాకు ముందు అర్థం కాలేదు. తరువాత నా పక్కకు చూశాను. అధ్యక్షురాలి తల ఇంకా లేవలేదు. అది లేచాక పాట సాగింది.

తరువాత కమిటీ ప్రిన్సిపాల్ గదిలో కూర్చుంది. రికార్డులో ఆ చోట కొంత ఖాళీ వదిలితే సరిపోతుందని గడియారం చూసుకున్న సభ్యుడు సూచించాడు. సూచన సబబైనదే. కంప్యూటరు నేర్పే అమ్మాయిని అడిగితే, ఎంతసేపో చెబితే పెడతానన్నది. నిదానం టీచర్‌ను పిలిచారు.

"అక్కడ మీరు ఎంతసేపు ఆగుతారమ్మా?"

"తలలు లేచేదాకా అండి."

"అంటే సుమారుగా ఎంత?"

"పరీక్షలప్పుడు కొంచెం ఎక్కువండి. వాన పడితే తక్కువ, మేజోళ్లు తడిసుంటాయి కదా. ఎవరింట్లోనన్నా మనిషి పోతే, ఆ పిల్ల తల లేచేదాకా."

ఆ సభ్యుడు తన సూచనను అక్కడితో వదిలేశాడు. పాస్టర్‌గారు తన అభ్యంతరం మళ్లీ చెప్పారు. ఎంత మౌనమైనా, ఆ మాట ఎవరో ఒకరు పైకి అనాలి కదా అన్నారు.

"పియానో అంటోంది కదండీ" అన్నది అధ్యక్షురాలు. ఆ ఉదయం ఆమె మాట్లాడింది అదొక్కటే. పాస్టర్‌గారు దాన్ని కాసేపు తూచి, ఒప్పుకున్నారు.

మిగిలింది ప్రిన్సిపాల్. ఆమె లేచి, ప్రతిపాదన తనదే కనుక తానే వెనక్కి తీసుకుంటున్నానని, స్పీకర్లు ఆటల పోటీలకు పనికొస్తాయని చెప్పింది. ఎవరూ ఆమెపై ఒత్తిడి తేలేదు. సంగీతం పోస్టు అలాగే ఉంచాలని తీర్మానమైంది.

రికార్డును నేను తరువాత ఒకసారి అడిగి విన్నాను. అందులో ఒక్క తప్పు కూడా లేదు. ఆమె ఎవరి కోసమూ ఆగకుండా వాయించింది అదొక్కటే.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగినదానికి సాక్షి చెల్లెలు ఒక్కతే. ఆమె మాటను కాదనడానికి నాకు కారణం కనిపించలేదు. ఆమె దుకాణం నుంచి అరపూట సెలవు పెట్టి వచ్చి గుమ్మంలో నిలబడిందట.

"ఏమైందక్కా?"

"రికార్డు పనికి రాలేదు."

"అమ్మయ్య."

"బాగానే వాయించానే."

"వాయించావులే, ఎవరు కాదన్నారు. మరి ఉద్యోగం?"

"రేపు వెళ్లాలి. అద్దం అక్కడే పెట్టి వచ్చాను."

"ఆ ముక్క ముందు చెప్పొచ్చుగా. కొంచెం నవ్వొచ్చుగా మొహం పెట్టి."

"నవ్వుతాను" అని నిదానం టీచర్ చెప్పులు విప్పి, ఒకదాని పక్కన ఒకటి సర్ది, కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చుంది. చెల్లెలు టీ ఇచ్చింది. అక్క టీ తాగింది. కప్పు కడిగి బోర్లించింది. ఆ తరువాత నవ్విందని చెల్లెలు చెప్పింది.